ఆరు కంప్యూటర్లు కొన్న మేనకోడలికి

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీ అమ్మ ఫోను చేసి, నువ్వు ఉద్యోగం మానేసి గుంటూరులో పుస్తకాల కూర్పు పని మొదలుపెడుతున్నావనీ, హైదరాబాదులో ఏదో కంపెనీ వదిలించుకున్న పాత కంప్యూటర్లు ఆరు కొన్నావనీ, అన్నిటిలోనూ విండోస్ తీసేసి, ఉచితంగా దొరికే లినక్స్ వ్యవస్థ వేస్తానంటున్నావనీ చెప్పింది. ఇరవై ఆరేళ్లు డీటీపీ సెంటరు నడిపి, ఆ పని అందుకునేవారు లేక తాళం వేసిన వాణ్ణి. మన ఇంట్లో మళ్లీ ఒకరు ప్రూఫులు దిద్దుతారన్న మాట వినగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అయితే ‘అన్నిటిలోనూ’ అన్న ఆ ఒక్క మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఫోనులో చెబితే సగం విని ‘సరే మావయ్యా’ అంటావు కనుక కాగితం మీద రాస్తున్నాను.

నీ లెక్కలో తప్పేమీ లేదు. అవి ఆరో తరం ఇంటెల్ ప్రాసెసర్లున్న యంత్రాలని మీ అమ్మ చదివి వినిపించింది. విండోస్ 11 కు ఎనిమిదో తరం గానీ ఆపైది గానీ ఉండాలనీ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలనీ మైక్రోసాఫ్ట్ నియమం పెట్టింది. విండోస్ 10 కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసింది. అంటే ఇంకా పదేళ్లు పని చేయగల యంత్రాన్ని తయారుచేసినవాడు కాక, లోపల నడిచే వ్యవస్థను అమ్మేవాడు ముసలిదని తేల్చాడన్నమాట. అదే యంత్రం మీద లినక్స్‌లో రకాలైన ఉబుంటు 24.04 గానీ, లినక్స్ మింట్‌లోని తేలిక రకం గానీ హాయిగా నడుస్తుంది. ఉబుంటు వాళ్లు రెండేళ్లకోసారి తెచ్చే దీర్ఘకాలిక విడుదలకు ఐదేళ్ల పాటు భద్రతా సవరణలు ఉచితంగా వస్తాయి. పాత హార్డ్ డిస్కులు తీసి ఎస్‌ఎస్‌డీలు వేయించు, ర్యామ్ 8 జీబీకి తగ్గకుండా చూడు. మాక్ సంగతి నేను ఎత్తను. దాని ఒక్కదాని ధరకు నీ ఆరూ వస్తాయి.

లైసెన్సు లేని దొంగ విండోస్ వేసుకోవాలన్న ఆలోచన మాత్రం రానీయకు. మా రోజుల్లో మా వీధిలో అందరం అదే వాడాం, నేనూ వాడాను, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. దొంగ ప్రతి అని తెలిసి వాడితే కాపీరైటు చట్టంలోని 63బి సెక్షను కింద ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, యాభై వేలకు తగ్గకుండా రెండు లక్షల వరకు జరిమానా ఉన్నాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. పుస్తకాల మీద బతికేవాళ్లం, ఇంకొకడి హక్కును దొంగిలించి ఆ పని చేయడమేమిటని అప్పుడు తట్టనే లేదు.

ఇక ‘ఉచితం’ అన్న మాట సంగతి. రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు, అందరూ చూసి మార్చుకోగల వ్యవస్థ తయారీకి 1983 లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన నాటి నుంచీ ఇంగ్లీషు వాళ్లు ఒక ఇబ్బంది పడుతున్నారు: డబ్బు అక్కర్లేదన్న దానికీ, కట్టుబాటు లేదన్న దానికీ వాళ్లకు ‘ఫ్రీ’ అని ఒకటే మాట. మనకు ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో లినక్స్‌ను తెలుగులోకి తెచ్చినవాళ్లు తమ సంస్థకు ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకున్నారు. లోపల ఏముందో చూడవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికి పంచవచ్చు. నీకు దక్కేది అది. డబ్బు మిగలడం దాని వెనకే వచ్చే లాభం, అదీ ఎల్లకాలం ఉంటుందని రాసిపెట్టి లేదు. సర్వర్ల మీద లక్షల మంది ఉచితంగా వాడుకున్న సెంట్ఓఎస్ అనే లినక్స్ రకాన్ని నడిపేవాళ్లు ఎనిమిదో విడుదలకు 2029 వరకు మద్దతు ఉంటుందని చెప్పి, 2021 డిసెంబరు 31 కే ఆపేశారు. అయితే దాని మూలం, అంటే సోర్స్ కోడ్, అందరి చేతుల్లోనూ ఉంది కనుక, నెలల్లోనే ఆల్మా, రాకీ అనే రెండు ప్రత్యామ్నాయాలు పుట్టుకొచ్చాయి. అమ్మేవాడు ఆపేస్తే అలా పుట్టదు. ఈ రెండు రకాల మధ్య నాకు కనిపించే అసలు తేడా ధరలో కాదు, ఇక్కడే ఉంది.

ఇప్పుడు 2008 లో జరిగింది చెప్పాలి. మీ అమ్మకు దానిలో సగమే తెలుసు. మిగతా సగం ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజుల్లో సెంటరుకు వచ్చే ప్రతి పెన్‌డ్రైవుతోనూ వైరస్ వచ్చేది. పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడితే శుభలేఖల కోసం బయట జనం నిలబడి ఉండేవారు, లోపల నేను విండోస్ మళ్లీ వేసుకుంటూ ఉండేవాణ్ణి. అడిగినవాళ్లకు ఉబుంటు సీడీలను పోస్టులో ఉచితంగా పంపే కాలం అది. ఇంజనీరింగ్ చదివే కుర్రవాడు ఒకడు అలా తెప్పించుకున్న 8.04 సీడీ నాకిచ్చి, దీనికి వైరస్ బాధ లేదండీ అన్నాడు. ఒక రాత్రి విసుగెత్తి, తలుపులు మూసి, దాన్ని సెంటరులోని పెద్ద కంప్యూటరులో పెట్టాను.

ఆ కంప్యూటరులో సి అని ఒకటి, డి అని ఒకటి కనిపించేవి. సి లో విండోస్, డి లో నా పనంతా. అవి రెండు వేరు వేరు డిస్కులని పదేళ్లుగా నా నమ్మకం. ఒకే 160 జీబీ డిస్కును మధ్యన గోడ కట్టి రెండు గదులు చేశారని నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ‘మొత్తం డిస్కును వాడుకో’ అన్న చోట ముందే చుక్క పెట్టి ఉంది. మొత్తం డిస్కు అంటే మొత్తం సి అనుకున్నాను. నొక్కాను. కాసేపటికి గోధుమ రంగు మీద కొంగ బొమ్మతో తెర వచ్చింది. ఎంతో ముచ్చటపడ్డాను కూడా. ఆ తర్వాత డి కోసం వెతకడం మొదలుపెట్టాను.

ఆ డి లో పదవీ విరమణ చేసిన ఒక తెలుగు మాస్టారి పుస్తకం ఉంది. తమ ప్రాంతంలోని ఊళ్ల పేర్లు ఎలా వచ్చాయో ఊరూరూ తిరిగి సేకరించి రాసిన 412 పేజీల పుస్తకం, మూడో ప్రూఫు దాటినది. మర్నాడు ఉదయం తొమ్మిదింటికి ఆయన వస్తారు. నేనేం చేశానో విను. ఆయన వచ్చేసరికి ఏమీ జరగనట్టు ఉండాలని, రాత్రికి రాత్రే అదే డిస్కు మీద మళ్లీ విండోస్ వేసి, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ వేసి, ఫాంట్లు, బొమ్మల సీడీలు అన్నీ కాపీ చేసి, బల్ల తుడిచి కూర్చున్నాను. ఆయన రాగానే, పుస్తకాన్ని వైరస్ తినేసిందండీ అన్నాను.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆ రాత్రి నా మొదటి తప్పు కన్నా రెండోదే పెద్దదని. గోడ కూలినంత మాత్రాన గదిలోని సామాను మాయం కాదు. ఉబుంటు ఆ డిస్కులో ఆక్రమించినది కొన్ని జీబీలే. అక్కడితో ఆగి, కరెంటు తీసేసి, ఆ డిస్కును పక్కన పెట్టి ఉంటే, టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అనే ఉచిత సాధనాలతోనే చాలా ఫైళ్లను వెనక్కి లాగే వీలుండేది. పోయినదాని మీద మళ్లీ రాస్తేనే అది నిజంగా పోతుంది. నేను సిగ్గుతో తెల్లవార్లూ రాస్తూనే ఉన్నాను. ఆపైన ఎనిమిదేళ్లు, ఉచితంగా వచ్చేది ఉచితానికే పనికొస్తుందని అడిగినవాళ్లందరికీ చెప్పి, నా తప్పును లినక్స్ నెత్తిన రుద్దాను.

మాస్టారు కోప్పడలేదు. కుర్చీ లాక్కుని, తన రాతప్రతి తెరిచి, సాయంత్రాలు వచ్చి చదువుతాను అన్నారు. మీ అమ్మ నాలుగు నెలలు ఆయన చదువుతుంటే టైపు కొట్టింది. నీకప్పుడు ఏడేళ్లు. బల్ల కింద కాగితం రీముల మీద కూర్చుని ప్రూఫుల వెనక వైపు ఎక్కాలు రాసుకునేదానివి. నువ్వు ఈ పనిలోకి ఎందుకు వస్తున్నావని మీ నాన్న విసుక్కుంటున్నాడట. ఎందుకో నాకు తెలుసు.

ఆ వ్యవహారంలో ఇంకో ముక్క ఉంది, నీ పనికి అదే ముఖ్యం. మొదటి తొంభై పేజీలు ఒక పాత సీడీలో దొరికాయి. ఆశగా ఆ కుర్రవాడి లినక్స్ యంత్రం మీద తెరిస్తే, తెలుగుకు బదులు రోమన్ అక్షరాలు, చుక్కలు, గీతలు కనిపించాయి. ఆ కాలపు డీటీపీ ఫాంట్లు అసలు తెలుగును దాచేవి కావు. ఇంగ్లీషు సంకేతాల మీద తెలుగు బొమ్మలు తొడిగేవి. ఆ ఫాంటు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు, అది నడిచే విండోస్ మూడూ ఉంటేనే మన అక్షరం అక్షరంలా కనిపించేది. తెలుగు 1991 లోనే, ప్రపంచ భాషల అక్షరాలకు విడివిడిగా సంకేతాలిచ్చే యూనికోడ్ మొదటి కూర్పులోనే చోటు సంపాదించుకుంది. కానీ మేము వాడిన పేజ్‌మేకర్‌కు అది పట్టలేదు. 2001 నాటి 7.0 తర్వాత అది ముందుకు సాగలేదు కూడా. కాబట్టి నువ్వు ఏ వ్యవస్థ పెట్టుకున్నా సరే, ప్రతి రచననూ ముందు యూనికోడ్‌లో, లిబ్రేఆఫీస్ అనే స్వేచ్ఛా రచనా సాధనంలో ఓడీటీ ఫైలుగా దాచు. పేజీల కూర్పు ఆ తర్వాతి మాట. పాత ఫాంట్లలో వచ్చే రచనలను మార్పిడి చేసే సాధనాలున్నాయి గానీ, వాటిని నమ్మి ప్రూఫు మానకు. ఒత్తుల దగ్గర, సున్నాల దగ్గర, అరుదైన సంయుక్తాక్షరాల దగ్గర అవి తడబడతాయి.

కూర్పుకు స్క్రైబస్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వాడతానన్నావట. ఐదేళ్ల కిందట అడిగితే వద్దనేవాణ్ణి. తెలుగు వంటి లిపులను సరిగా పేర్చే ఏర్పాటు దాని స్థిరమైన విడుదలలోకి 2024 జనవరిలో, 1.6 తో వచ్చింది. ప్లేటు వేసేవాడికి కావలసింది పీడీఎఫ్, అది చక్కగానే ఇస్తుంది. మండలి, గిడుగు, రామభద్ర వంటి స్వేచ్ఛా ఫాంట్లు ఉన్నాయి. అయినా ఒక పదహారు పేజీల ఫారం కూర్చి, నిజంగా అచ్చు వేయించి, కళ్లద్దాలు పెట్టుకుని చదివాకే పెద్ద పుస్తకం ఒప్పుకో.

ఇప్పుడు ఆ ‘అన్నిటిలోనూ’ గురించి. జర్మనీలో మ్యూనిక్ నగరపాలక సంస్థ 2003 లో లినక్స్‌కు మారాలని నిర్ణయించి, పదేళ్లు కష్టపడి దాదాపు 15,000 కంప్యూటర్లను మార్చి, 2017 లో మళ్లీ విండోస్‌కు వెళ్లాలని తీర్మానించింది. రాజకీయమూ ఉందంటారు, ఉండే ఉంటుంది. ఇక్కడ కేరళ ప్రభుత్వ పాఠశాలలు మాత్రం ఇన్నేళ్లుగా లినక్స్ మీదే నిలబడ్డాయి. అక్కడ ముందు ఉపాధ్యాయులకు నేర్పారు, పాఠాలూ పరీక్షలూ దాని చుట్టూ అల్లారు. నీ దగ్గర పనిచేయబోయే ఇద్దరు ఆపరేటర్లు డీటీపీలో వాడే ఆపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక మీద చేయి తిరిగినవాళ్లు. యూనికోడ్ తెలుగుకు వాడే ఇన్‌స్క్రిప్ట్ అమరిక నేర్చుకోమంటే మొదటి నెల వాళ్ల వేగం సగానికి పడిపోతుంది. ఆ నెల జీతం కోసి వాళ్లను చిన్నబుచ్చకు. అది నువ్వు కట్టే లైసెన్సు రుసుము అనుకో.

నీ సొంత ల్యాప్‌టాప్‌లో లైసెన్సున్న విండోస్ 11 ఉంది కదా, దాన్ని ముట్టుకోకు. జమాఖర్చులు రాసే టాలీ విండోస్ మీదే నడుస్తుంది, మీ ఆడిటరు ఫైలు అడిగితే అదే పంపాలి. డిజిటల్ సంతకం పెట్టే యూఎస్‌బీ టోకెనుతో పేచీ వస్తే ఆఖరి తేదీ నాడే వస్తుంది. పాత పేజ్‌మేకర్ ఫైలు పట్టుకొచ్చే రచయిత రేపో మాపో నీ గుమ్మం ఎక్కుతాడు. ఆరింట లినక్స్, ఒక్కదానిలో విండోస్ పెట్టుకుంటే నీ సిద్ధాంతానికి వచ్చే లోటేమీ లేదు. అదే ల్యాప్‌టాప్‌లో రెండూ పక్కపక్కన పెడదామని సరదా పుడితే, డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ సంకేతాన్ని కాగితం మీద రాసుకోకుండా దాని జోలికి వెళ్లకు. ప్రింటరు కొనే ముందు ఉబుంటు పెన్‌డ్రైవు తీసుకుని దుకాణానికి వెళ్లి, అక్కడే ఒక తెలుగు పేజీ అచ్చు తీసి చూసుకో. దుకాణదారు మొహం చిట్లించినా ఫరవాలేదు.

వైరస్ బెడద తక్కువన్నది నిజమే. 2017 మేలో వానాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతటా విండోస్ యంత్రాలకు తాళాలు వేసినప్పుడు లినక్స్ వాడేవాళ్లు నిశ్చింతగా ఉన్నారు. అలాగని గుండె మీద చేయి వేసుకుని పడుకోకు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న స్వేచ్ఛా సాధనంలో ఎవరో రెండేళ్లకు పైగా నమ్మకస్తుడిలా మెలిగి దొంగదారి పెట్టారు. లాగిన్‌కు అర సెకను ఆలస్యమవుతోందేమిటని అనుమానించి దాన్ని బయటపెట్టినవాడు మైక్రోసాఫ్ట్ ఉద్యోగి. మూలం తెరిచి ఉంది కనుకే అతనికి దొరికింది. కానీ చూసే కన్ను కూడా ఒకటి ఉండాలి కదా. అందుకని శనివారం శనివారం నీ పనంతా ఒక బయటి డిస్కులోకి ఎక్కించి, ఆ డిస్కును ఆఫీసులో కాకుండా మీ ఇంట్లో, మీ అమ్మ బీరువాలో పెట్టు. మూడు వారాలు పెట్టి నాలుగో వారం మానేస్తావు, నాకు తెలుసు. మానేశావని తెలిస్తే మాత్రం నేను ఊరుకోను.

మాస్టారి పుస్తకం రెండో కూర్పు పని నీకే ఇప్పించాలని వాళ్ల అబ్బాయికి చెప్పాను. ఆ వైరస్ కథ అబద్ధమని కూడా అతనికి చెప్పేశాను.

మొదటి యంత్రంలో లినక్స్ వేసే రోజు ఏదో ముందే చెప్పు, తెనాలిలో పొద్దున్నే రైలెక్కి వస్తాను. డిస్కు పేరు అడిగే తెర దగ్గర ఆగు. నేను కళ్లద్దాలు పెట్టుకుని ఆ వరుస చదివిన తర్వాతే నొక్కు.

ఆశీస్సులతో,
మీ మావయ్య