హాల్లో లైట్లన్నీ ఒకేసారి వెలగాలంటే

చి. శ్రీనుకి, ఆశీస్సులు.

హాల్లో ఆరు జిగ్‌బీ (స్మార్ట్ పరికరాలు వాడే ఒక వైర్‌లెస్ పద్ధతి) బల్బులకి, ఇంట్లో స్మార్ట్ పరికరాల్ని నడిపే హోమ్ అసిస్టెంట్ సాఫ్ట్‌వేర్‌లో గ్రూప్ చేస్తే ఒకదాని వెనక ఒకటి వెలుగుతున్నాయని, ఒక్కోసారి ఒకటి ఉండిపోతోందని రాశావు. బల్బుల్లో లోపం ఏమీ లేదురా. హోమ్ అసిస్టెంట్ సెట్టింగ్స్‌లోని హెల్పర్స్‌లో చేసిన గ్రూప్ నుంచి ఆరు బల్బులకీ ఆరు కమాండ్లు విడివిడిగా వెళ్తాయి. నీకు కావలసింది జిగ్‌బీ గ్రూప్. అందులో గ్రూపు నంబరు ప్రతి బల్బులోనూ నిలవుంటుంది. ఆ నంబరు మీద ఒక్క మెసేజ్ వెళ్తే చాలు, ఆరూ కలిసి వెలుగుతాయి.

జిగ్‌బీ పరికరాల్ని హోమ్ అసిస్టెంట్‌కి కలిపే జిగ్‌బీ2ఎంక్యూటీటీ ప్రోగ్రామ్‌లో గ్రూప్స్ పేజీ తెరిచి, పేరు పెట్టి, బల్బుల్ని ఒక్కొక్కటే చేర్చు. ఆ సమయంలో గోడ మీది స్విచ్‌లన్నీ వేసి ఉండాలి. కరెంటు లేని బల్బుకి నంబరు అందదు. ఆ గ్రూపు హోమ్ అసిస్టెంట్‌లోకి ఒకే లైటుగా వచ్చేస్తుంది. పాత గ్రూపు పేరు ఏయే ఆటోమేషన్లలో (వాటంతటవే జరిగేలా పెట్టిన పనుల్లో) ఉందో వెతికి అన్నిచోట్లా మార్చు. చాలామంది ఇక్కడే వదిలేసి, ఏమీ మారలేదంటారు.

ఒక జాగ్రత్త. గ్రూపు మెసేజ్ నెట్‌వర్క్ అంతటా పాకుతుంది, వెంటవెంటనే పది పంపితే కొన్ని పోతాయి. అందుకని వెలుతురు మెల్లగా తగ్గించాలంటే ఇరవై మెట్లుగా పంపకు. ట్రాన్సిషన్ (వెలుతురు మారడానికి పట్టే సమయం) రెండు సెకన్లు పెట్టి ఒక్కసారే పంపు, మిగతాది బల్బే చూసుకుంటుంది.

రిమోట్‌ని కూడా నేరుగా ఈ గ్రూపుకే బైండ్ చెయ్యి, అంటే హోమ్ అసిస్టెంట్ మధ్యలో లేకుండా కలుపు. అది బ్యాటరీతో నడిచేది కాబట్టి నిద్రలో ఉంటుంది. బైండ్ నొక్కే ముందు దాని బటన్ నొక్కి లేపాలి. అప్పుడు హోమ్ అసిస్టెంట్ ఆగిపోయినా అమ్మ లైట్లు వేసుకోగలదు. ఇంట్లోవాళ్లకి ఇంతకన్నా ముఖ్యమైనది లేదు.

కరెంటు పోయి వస్తే అర్ధరాత్రి బల్బులన్నీ భగ్గున వెలుగుతాయి. కరెంటు వచ్చాక బల్బు ఎలా ఉండాలో చెప్పే 'పవర్ ఆన్ బిహేవియర్' సెట్టింగుని ఒక్కో బల్బుకీ విడిగా 'ప్రీవియస్' (ముందున్నట్టే) అని మార్చు. కొన్ని బల్బుల్లో ఈ సదుపాయం ఉండదు, కొనేముందు చూసుకో.

ఇక రాత్రి 'అన్నీ ఆఫ్' సంగతి. ఏరియా (హోమ్ అసిస్టెంట్‌లో ఒక గది) మొత్తాన్ని ఎంచుకుని స్విచ్‌లు ఆఫ్ అంటే ఆ గదిలోని వైఫై రౌటర్ ప్లగ్గు, ఫ్రిజ్ ప్లగ్గు కూడా ఆరిపోతాయి. హోమ్ అసిస్టెంట్ 2024 ఏప్రిల్ వెర్షన్ నుంచి లేబుల్స్ (పరికరాలకి తగిలించే గుర్తులు) వచ్చాయి కదా, 'రాత్రి ఆఫ్' అని ఒక లేబుల్ చేసి, ఆర్పవలసినవాటికే తగిలించి, ఆటోమేషన్‌లో ఏరియా బదులు దాన్ని ఎంచుకో.

గీజరునీ, మోటారునీ మాత్రం ఆన్ చేసే ఏ గ్రూపులోనూ చేర్చకు. మూడు కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్లు లాగుతుంది, 10 ఆంపియర్ల స్మార్ట్ ప్లగ్గు కాలిపోతుంది. సంపులో నీళ్లు లేనప్పుడు మోటారు తిరిగితే సీలు పాడవుతుంది. ఆ రెండింటికీ విడిగా బటన్, నిర్ణీత సమయానికి ఆగిపోయేలా టైమరు పెట్టు.

ఇట్లు,
బాబాయ్