ఆల్బర్ట్ స్పీర్ నిజంగా "మంచి నాజీ"యేనా?

కాదు. హిట్లర్‌కి ఆర్కిటెక్ట్‌గా, తర్వాత మంత్రిగా పనిచేసిన స్పీర్‌కి ఆ పేరు చాలావరకు అతను తన గురించి తాను చెప్పుకున్న కథ వల్ల వచ్చింది.

1905లో జర్మనీలోని మన్‌హైమ్‌లో పుట్టిన స్పీర్ 1931లో నాజీ పార్టీలో చేరాడు. న్యూరెంబర్గ్‌లో జరిగిన నాజీ పార్టీ సభల్లో సెర్చ్‌లైట్లను ఆకాశంలోకి వెలుగు స్తంభాల్లా నిలబెట్టిందీ, బెర్లిన్‌లో హిట్లర్‌కి కొత్త చాన్సలరీ (ప్రభుత్వాధినేత కార్యాలయం) కట్టిందీ అతనే. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ బెర్లిన్‌ని మహా రాజధానిగా మార్చే ప్లాన్ కోసం అతని ఆఫీసు వేలాది యూదు కుటుంబాల చేత ఇళ్లు ఖాళీ చేయించింది. వాళ్లలో ఎంతోమందిని తర్వాత రైళ్లలో తూర్పుకి, చావుకి పంపేశారు. భవనాలకు కావాల్సిన గ్రానైట్ కోసం ఫ్లోసెన్‌బర్గ్ లాంటి నాజీ నిర్బంధ శిబిరాల్లో ఖైదీల చేత రాళ్లు కొట్టించారు. అంటే ఇంకా ఆర్కిటెక్ట్‌గా ఉన్నప్పుడే ఈ నేరాల్లో అతనికి భాగం ఉంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే.

1942 ఫిబ్రవరిలో అప్పటి ఆయుధాల మంత్రి ఫ్రిట్జ్ టోట్ విమాన ప్రమాదంలో చనిపోతే, స్పీర్ ఆ పదవిలోకి వచ్చాడు. ఫ్యాక్టరీలు లక్షలమంది బలవంతపు కూలీలతో నడిచాయి. యుద్ధం ముగిశాక నాజీ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణలో అందరి తరఫునా బాధ్యత ఒప్పుకున్నాడు గానీ, యూదుల హత్యాకాండ మాత్రం తనకు తెలియదన్నాడు. ఉరి తప్పి 20 ఏళ్ల జైలు పడింది. 1966లో విడుదలయ్యాక రాసిన ఆత్మకథలోనూ అదే మాట.

అయితే 1943 అక్టోబరులో నాజీల ఎస్‌ఎస్ దళాల అధిపతి హిమ్లర్ ఆ హత్యల గురించి బాహాటంగా చెప్పిన సభలో తానున్నానని స్పీరే 1971లో ఒక ఉత్తరంలో రాశాడు. అది బయటపడింది 2007లో, అతను చనిపోయిన 26 ఏళ్లకు.