మంగు మచ్చల మాట తర్వాత, ముందు బీపీ చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 27. ఇది మొదటి కాన్పు, 30 వారాలు నిండాయి. బుగ్గల మీద మంగు మచ్చలు, పొట్ట మీద నల్లటి నిలువు గీత, చారలు వచ్చాయి. ఇవి కాన్పు తర్వాత పోతాయా, ఇప్పుడే ఏదైనా క్రీము రాసుకోవాలా? పాదాలు కూడా వాచాయి, కడుపుతో ఉన్నప్పుడు అది మామూలేనని అందరూ అంటున్నారు. వారం నుంచి ఉంగరం వేలి నుంచి ఊడి రావడం లేదు. చిన్న మాటకే ఏడుపు వస్తోంది. రెండు రోజులుగా తలనొప్పి ఉంటే మందుల షాపు నుంచి నొప్పి మాత్రలు తెప్పించుకుని పూటకొకటి వేసుకుంటున్నాను. అందులో ఉన్నది పారాసెటమాలే కదా అని భయపడలేదు. కిందటి నెల చెకప్‌కు వెళ్లడం కుదరలేదు. – ఒక పాఠకురాలు

జవాబు: మీరు అడిగింది మచ్చల గురించి, నా కన్ను ఆగింది మాత్రం మీ ఉత్తరంలోని చివరి నాలుగైదు వాక్యాల దగ్గర. మచ్చల సంగతి తప్పకుండా చెబుతాను కానీ, ఈ జవాబు చదివిన పూటే మీరు ఆసుపత్రికి వెళ్లి బీపీ చూపించుకుని, మూత్ర పరీక్ష చేయించుకోవాలి. వచ్చే చెకప్ దాకా దీన్ని వాయిదా వేయవద్దు. మిమ్మల్ని చూడకుండా, పరీక్షించకుండా మీకు ఫలానా జబ్బు ఉందని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. అయితే 20 వారాలు దాటిన గర్భిణికి కొత్తగా తలనొప్పి మొదలై రెండు రోజులైనా వదలకపోతే, వేరే కారణం తేలేదాకా బీపీనే అనుమానించాలన్నది మా వృత్తిలో మొదట నేర్చుకునే పాఠాల్లో ఒకటి.

నా అనుమానం ప్రీఎక్లాంప్సియా మీద, అంటే గర్భంతో బీపీ పెరిగి ఇతర అవయవాలనూ దెబ్బతీసే జబ్బు మీద. గర్భం తొలి నెలల్లో మాయకు రక్తం అందించే నాళాలు తగినంతగా వెడల్పు కాకపోతే, ఆ తర్వాత మాయ నుంచి విడుదలయ్యే కొన్ని పదార్థాలు తల్లి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. అందుకే ఇది బీపీ పెరగడంతో ఆగదు, మూత్రపిండాలను, కాలేయాన్ని, మెదడును, ప్లేట్‌లెట్లను కూడా తాకుతుంది, మాయ ద్వారా బిడ్డకు అందాల్సిన పోషణ తగ్గుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే గుర్రపువాతం అని పిలిచే మూర్ఛల దాకా వెళ్లవచ్చు. చాలామందిలో ఇది మొదట్లో ఏ బాధా లేకుండానే ఉంటుంది, కాబట్టే ప్రతి చెకప్‌లోనూ బీపీ, మూత్రంలో ప్రొటీన్ తప్పక చూస్తాం. మీరు వెళ్లలేకపోయిన ఆ ఒక్క చెకప్ గురించి నేను ఇంతగా మాట్లాడడానికి కారణం అదే.

బీపీ చూసేటప్పుడు కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కనీసం ఐదు నిమిషాలు మాటలు లేకుండా కూర్చోండి. పట్టీ కట్టిన చేయి గుండె ఎత్తులో ఉండాలి. మెట్లెక్కి వచ్చిన ఆయాసంతోనే చేయి చాపితే వచ్చే అంకెను నమ్మలేం. కనీసం నాలుగు గంటల తేడాతో రెండుసార్లు చూసినప్పుడు 140/90 గాని, అంతకు మించి గాని ఉంటే ఎక్కువగా ఉన్నట్టే లెక్క. పై అంకె 160, కింది అంకె 110, ఈ రెండింటిలో ఏ ఒక్కటి చేరినా అది అత్యవసరం. అవసరాన్ని బట్టి మీ డాక్టరు ప్లేట్‌లెట్లు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, కాలేయ పరీక్షలు, బిడ్డ ఎదుగుదల తెలిపే స్కాన్ రాస్తారు. కళ్ల ముందు మెరుపులు, మసక చూపు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఆగని వాంతులు, ఆయాసం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా అర్ధరాత్రయినా బయలుదేరండి. ఒకసారి ఓ గర్భిణి కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నట్టు ఉందని, కళ్లద్దాల పవర్ మారిందేమో అనుకుని రెండు రోజులు ఆగి వచ్చానని నాతో చెప్పారు. చూస్తే బీపీ 170/112. ఆ పూటే చేర్చుకున్నాం. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు గానీ, ఆ రెండు రోజులు తలచుకుంటే నాకు ఇప్పటికీ గుబులే.

ఇక ఆ మాత్రల విషయం. ఇక్కడ మిమ్మల్ని కాస్త కోప్పడక తప్పదమ్మా. గర్భిణికి అవసరమైతే డాక్టరు సూచించిన మోతాదులో, తక్కువ రోజులకు పారాసెటమాల్ ఇవ్వడం పరిపాటే, ఆ మాట నిజం. కానీ నొప్పి మాత్ర అని అడిగితే చేతికి వచ్చేది చాలాసార్లు ఒక్క పారాసెటమాల్ కాదు, దానితో పాటు డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటిదేదో కలిసిన మాత్ర. రేకు వెనక చిన్న అక్షరాల్లో పారాసెటమాల్ పక్కన ఇంకో పేరు ఉందేమో వెలుతురులో పెట్టి చదవండి. ఈ రెండో రకం మందులు 20 వారాల తర్వాత వాడితే బిడ్డ మూత్రపిండాల పనితీరు మందగించి ఉమ్మనీరు తగ్గే అవకాశం ఉంది కాబట్టి వాటికి దూరంగా ఉండాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో హెచ్చరించింది. నెలలు పెరిగేకొద్దీ మరో ప్రమాదం తోడవుతుంది. కడుపులో ఉన్నంతకాలం తెరుచుకుని ఉండాల్సిన ఒక రక్తనాళం బిడ్డ గుండె దగ్గర ఉంటుంది, అది ముందే ముడుచుకుపోవచ్చు. పైగా ఇవి బీపీని పెంచగలవు, తలనొప్పిని పైపైన అణచి అసలు సంకేతాన్ని మా కంట పడకుండా చేయగలవు. రెండు రోజులు వేసుకున్నందుకు ఏదో జరిగిపోయిందని బెంబేలెత్తవద్దు, చాలామందికి ఏమీ కాదు. ఇంతటితో ఆపండి, డాక్టరు దగ్గర దాచకుండా చెప్పండి, ఉమ్మనీరు ఒకసారి స్కాన్‌లో చూడమని అడగండి. ఇది చదివి, ప్రీఎక్లాంప్సియా రాకుండా తక్కువ మోతాదు ఆస్పిరిన్ ఇస్తారట కదా అని ఎవరూ సొంతంగా మొదలుపెట్టకండి. అది ముప్పు ఎక్కువున్న వారికి సాధారణంగా 12 నుంచి 16 వారాల మధ్య డాక్టరు ఆలోచించి మొదలుపెట్టే మందు, అంతేగాని తలనొప్పికి వేసుకునేది కాదు.

వాపు మామూలే అన్నవారి మాట సగం నిజం. గర్భంతో ఒంట్లో మొత్తం నీరు దాదాపు 6 నుంచి 8 లీటర్లు పెరుగుతుంది, పెరిగిన గర్భాశయం కాళ్ల నుంచి గుండెకు వెళ్లే సిర మీద ఒత్తిడి తెస్తుంది, అందువల్ల సాయంత్రానికి చీలమండలు వాచి, రాత్రి కాళ్లు చాపుకుని పడుకుంటే తెల్లారేసరికి తగ్గడం చాలామంది గర్భిణుల్లో కనిపిస్తుంది. వాపు ఒక్కదాన్ని చూసి ప్రీఎక్లాంప్సియా అని మేం నిర్ధారించం కూడా. కానీ నిద్ర లేచేసరికే ముఖం ఉబ్బడం, వారం రోజుల్లో ఉంగరం బిగుసుకుపోవడం వేరు, వాటి పక్కన తలనొప్పి కూడా చేరితే అది మామూలు వాపు ఖాతాలో వేసుకునేది కాదు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి, అదీ ఆలస్యం చేయకూడదు. ఉంగరాన్ని ఇవాళే సబ్బు నీళ్లతో మెల్లగా తీసేయండి. రాకపోతే ఆసుపత్రిలో తీస్తారు.

గుండెల్లో మంట, మలబద్ధకం, మెట్లెక్కితే ఎగశ్వాస, రాత్రిపూట పిక్కలు పట్టేయడం వంటివాటి గురించి మీరు అడగలేదు, అవి ఎక్కువగా హార్మోన్ల వల్ల, పెరిగిన పొట్ట ఒత్తిడి వల్ల వచ్చేవే కాబట్టి నేనూ పొడిగించను. అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు నిద్ర పట్టనంతగా దురద పెడితే మాత్రం కాలేయ పరీక్ష అవసరం, చర్మానికి లోషన్ రాసుకుంటూ కాలయాపన చేయకండి.

చిన్న మాటకే కన్నీళ్లు రావడాన్ని నేను తేలిగ్గా తీసుకోను, అలాగని వెంటనే జబ్బు పేరూ పెట్టను. హార్మోన్ల మార్పు, నిద్రలేమి, కాన్పు భయం, మారుతున్న శరీరం, ఇవన్నీ కలిసి మనసును పలచన చేస్తాయి. ఒక గంట ఏడ్చి మళ్లీ మామూలైపోతే ఇంట్లోవాళ్ల ఓపిక, విశ్రాంతి చాలవచ్చు. అదే దిగులు రోజులో ఎక్కువసేపు రెండు వారాలకు మించి ఉన్నా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా, ఆకలీ నిద్రా పోయినా అది గర్భంతో వచ్చే డిప్రెషన్ కావచ్చు, కాన్పు తర్వాతే కాదు, ముందు కూడా అది వస్తుంది, చికిత్సకు లొంగుతుంది. దీన్ని పసిగట్టడానికి 1987లో వెలువడిన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పదే ప్రశ్నలు, డాక్టరు గదిలో ఐదు నిమిషాల పని. థైరాయిడ్, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి, వాటి తేడాల వల్ల నీరసం, దిగులు రావడం నేను తరచూ చూస్తుంటాను. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఎవరికైనా చెప్పి డాక్టరు దగ్గరికి రావాలి. నిద్ర పట్టడం లేదని ఎవరివో నిద్రమాత్రలు వేసుకోవద్దని మీకు మళ్లీ ప్రత్యేకంగా చెప్పనక్కర లేదనుకుంటాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. మంగు మచ్చలు, పొట్ట మీది నల్ల గీత హార్మోన్ల వల్ల రంగు కణాలు చురుకెక్కడంతో వచ్చేవి, కాన్పయ్యాక కొన్ని నెలల్లో చాలామందికి పలచబడతాయి, కొందరిలో మంగు కొంత మిగిలిపోవచ్చు. చారలు ఇప్పుడున్న ఎరుపు, ఊదా రంగు పోయి వెండి గీతల్లా తేలిపోతాయి గానీ పూర్తిగా మాయం కావు, వాటిని మాయం చేస్తామనే క్రీముల మీద డబ్బు తగలేయకండి. ఎండలో వెళ్లేటప్పుడు జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ రాసుకోవడం మంగుకు ఇప్పటికి చాలు. తెల్లబరిచే క్రీముల్లో హైడ్రోక్వినోన్, రెటినాయిడ్, స్టెరాయిడ్ ఉండవచ్చు కాబట్టి బిడ్డ పుట్టి, పాలు మాన్పించేదాకా డాక్టరును అడగకుండా ఏదీ ముట్టుకోవద్దు.

ఆసుపత్రికి పాత రిపోర్టులు, చెకప్ కార్డుతో పాటు ఆ మాత్రల రేకు కూడా, ఖాళీ అయినా సరే, సంచిలో వేసుకుని వెళ్లండి. అందులో ఏముందో, ఎన్ని వేసుకున్నారో అక్కడి డాక్టరు మొదట అడిగేది అదే.