టెక్ సందేహాలు: డబ్బా మీద ‘1000 ఎఫ్‌పీఎస్’ అని ఉంటే మంచి ఎయిర్ రైఫిలేనా?

ఈ వారం ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు పక్కన పెట్టి, ఎయిర్ రైఫిళ్ల మీద వచ్చినవే తీసుకుంటున్నాను. గాలితో పేలే తుపాకీ టెక్ కాలమ్‌లో ఎందుకని అడగకండి. లోపల గాలి ఒత్తిడిని సర్దే రెగ్యులేటరు, పక్కన బ్లూటూత్ సెన్సరు ఉన్నాక అదీ గ్యాడ్జెట్టే.

ప్ర: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. 10 మీటర్ల షూటింగ్ నేర్చుకుంటానంటున్నాడు. ఆన్‌లైన్‌లో ఒకదాని మీద 1000 ఎఫ్‌పీఎస్, ఇంకోదాని మీద 1250 అని ఉంది. ఎక్కువ ఉన్నదే తీసుకోవాలా? (నల్లగొండ)

జ: వద్దండీ. కొనేటప్పుడు అన్నింటికంటే చివర చూడాల్సిన అంకె అది. ఎఫ్‌పీఎస్ అంటే పెల్లెట్ సెకనుకు ఎన్ని అడుగులు పోతుందన్న లెక్క. వెయ్యి అడుగులంటే 305 మీటర్లు. మామూలు 4.5 మిల్లీమీటర్ల సీసం పెల్లెట్ అర గ్రాముకు కాస్త ఎక్కువ బరువుంటుంది. అంత బరువు ఆ వేగంతో పోవాలంటే దాదాపు 24 జౌల్స్ శక్తి కావాలి. మన దేశంలో లైసెన్సు లేకుండా కొనగలిగే ఎయిర్‌గన్‌కు పరిమితి 20 జౌల్స్, బోరు (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు. మరి డబ్బా మీద వెయ్యి ఎలా వచ్చింది? మామూలు పెల్లెట్‌తో కాదు, మూడో వంతు గ్రాము ఉండే తేలిక పెల్లెట్ వేసి కొలిచి ఉండాలి. దానితో అయితే 16 జౌల్స్‌కే వెయ్యి దాటుతుంది. లేదా ఆ అంకె ఉత్తదే అయి ఉండాలి.

ఇప్పుడు ఒలింపిక్స్ సంగతి చూడండి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకు స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్‌కు కాంస్యం వచ్చింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ మ్యాచ్ రైఫిళ్ల వేగం సెకనుకు 170, 175 మీటర్లు. అంటే 570 ఎఫ్‌పీఎస్ దరిదాపుల్లో. మీరు చూసిన డబ్బాల మీది అంకెలో సగం అటూ ఇటూ అన్నమాట! వాటి ధర మాత్రం లక్షల్లో ఉంటుంది. ఆ డబ్బు వేగానికి కాదు, ప్రతి షాటూ అదే వేగంతో పోవడానికి. ఒక షాట్ 170తో, ఇంకోటి 175తో పోయిందనుకోండి. 10 మీటర్లు వెళ్లేసరికి రెండింటికీ పైకీ కిందికీ సుమారు ఒక మిల్లీమీటరు తేడా వస్తుంది. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. స్కోరు 10.9 దాకా దశాంశాల్లో లెక్కేస్తారు కాబట్టి, మిల్లీమీటరు జారితే 0.4 పాయింట్లు పోయినట్టే. 60 షాట్ల మ్యాచ్‌లో పతకాలు తేలేది అలాంటి తేడాల మీదే.

కాబట్టి ముందు రైఫిల్ కొనకండి. హైదరాబాద్‌లో గగన్ నారంగ్ అకాడమీ లాంటి చోట కొన్నాళ్లు వాళ్ల రైఫిల్‌తోనే నేర్చుకోనివ్వండి. భుజం ఎత్తు, చెంప ఆనే చోటు, చేతి పొడవు కోచ్ చూసి చెప్పాక, మన దేశంలోనే తయారయ్యే పీసీపీ (ముందే సిలిండర్‌లో గాలి నింపి వాడే) మ్యాచ్ రైఫిల్‌తో మొదలుపెడితే చాలు. కొన్నా మీ పేరు మీదే కొనండి. దుకాణంవాళ్లు మీ గుర్తింపు, చిరునామా రుజువులు తీసుకుని రిజిస్టర్‌లో రాసుకోవాలి. అవేమీ అడగకుండా కొరియర్‌లో పంపుతామనేవాళ్ల జోలికి పోకండి.

ఇంకో మాట. ఈ ఆటలో సగం సాధన పెల్లెట్ లేకుండానే జరుగుతుంది. మ్యాచ్ రైఫిళ్లలో ఉత్త ట్రిగ్గర్ నొక్కే డ్రై ఫైర్ సదుపాయం ఉంటుంది. బ్యారెల్‌కు స్కాట్ లాంటి సెన్సరు బిగిస్తే, ట్రిగ్గర్ నొక్కేముందు గురి ఎటు ఊగిందో స్క్రీన్ మీద గీతలా కనిపిస్తుంది. బ్యారెల్ మడిచి స్ప్రింగ్ ఎక్కించే చవక రైఫిల్‌తో మాత్రం ఉత్త ట్రిగ్గర్ నొక్కనివ్వకండి, పిస్టన్ దెబ్బతింటుంది.

ప్ర: పీసీపీ రైఫిల్‌కు 200 బార్ గాలి కావాలట. మా రైస్ మిల్లులో సార్టెక్స్ మిషన్‌కు పెద్ద కంప్రెసర్ ఉంది. దానితో నింపుకోవచ్చా? లేదంటే వెల్డింగ్ షాపులో ఆక్సిజన్ సిలిండర్ దొరుకుతుంది. (మిర్యాలగూడ)

జ: ముందు రెండో మాటకు జవాబు. ఆక్సిజన్ పేరే ఎత్తకండి. రైఫిల్ లోపల సీళ్లకు రాసిన గ్రీజు, నూనె మరక ఒక్కటి చాలు, ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్ తగిలితే అంటుకుని పేలిపోతుంది. ముఖం ఆనించి పట్టుకునే వస్తువు అది. ఆసుపత్రి ఆక్సిజన్ అయినా అంతే.

మిల్లు కంప్రెసర్ చూడ్డానికి ఎంత పెద్దదైనా ఇచ్చేది 8, 10 బార్ల ఒత్తిడే. గాలి ఎక్కువిస్తుంది, ఒత్తిడి కాదు. కారు టైరులో ఉండేది రెండు బార్ల పైచిలుకు. మీకు కావాల్సింది దానికి తొంభై రెట్లు. దారులు మూడే: పీసీపీ కోసమే చేసిన చేతిపంపు, ఆ ఒత్తిడికే చేసిన చిన్న కరెంటు కంప్రెసర్, లేదా నీళ్ల అడుగున ఈదేవాళ్లు వాడే డైవింగ్ సిలిండర్ తరహాది. చేతిపంపు చవక, కానీ చెమట పడుతుంది. చివరి యాభై బార్లకు మీ బరువంతా మోపాలి. కాసేపు కొట్టి ఆపి, పంపు చల్లారాక మళ్లీ కొట్టండి. తేమను పట్టే ఫిల్టరు లేకుండా నింపితే నీళ్లు సిలిండర్‌లో చేరి లోపల తుప్పు పట్టిస్తాయి.

మన ఎండల సంగతి కూడా చెప్పాలి. 25 డిగ్రీల దగ్గర 200 బార్ నింపిన సిలిండర్‌ను మే నెలలో మూసిన కారులో వదిలేస్తే, లోపల 60 డిగ్రీలైతే ఒత్తిడి 220 దాటుతుంది. నింపేటప్పుడే ఆ మేరకు తగ్గించండి. సిలిండర్ మీద తయారైన తేదీ, గడువు చెక్కి ఉంటాయి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ముందు చూడాల్సింది అదే.

ప్ర: నా పీసీపీతో 25 మీటర్ల దగ్గర షాట్లన్నీ ఒక నిలువు గీతలో పడుతున్నాయి. మొదట కింద, తర్వాత పైన, మళ్లీ కింద. తప్పు నా చేతిదా, రైఫిల్‌దా? (జడ్చర్ల)

జ: చేతిదైతే అన్ని వైపులా చెదురుతాయి. ఇలా వరసగా ఎక్కి దిగుతున్నాయంటే మీ రైఫిల్‌లో రెగ్యులేటర్ లేదు, లేదా పాడైంది. సిలిండర్ నిండుగా ఉన్నప్పుడు ఆ ఒత్తిడే గాలిని వదిలే వాల్వ్‌ను గట్టిగా మూసి పట్టుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కినప్పుడు లోపలి సుత్తి కొట్టినా కొంచెమే తెరుచుకుంటుంది, వేగం తక్కువ. ఒత్తిడి దిగేకొద్దీ వాల్వ్ బాగా తెరుచుకుని వేగం పెరుగుతుంది. ఇంకా దిగితే గాలే చాలక మళ్లీ తగ్గుతుంది. వేగం సెకనుకు 240 మీటర్ల నుంచి 255కి మారితే 25 మీటర్ల దగ్గర అర సెంటీమీటరుకు పైనే తేడా వస్తుంది.

రెగ్యులేటర్ చేసే పని ఒక్కటే. సిలిండర్‌లో 200 ఉన్నా 150 ఉన్నా, వాల్వ్ వెనక గదిలోకి ఒకే ఒత్తిడి పంపడం. అది పెట్టించుకునేలోగా చేతిలో ఫోను ఉంది కదా. పేలిన చప్పుడుకూ టార్గెట్ తగిలిన చప్పుడుకూ మధ్య సమయాన్ని మైకుతో కొలిచి వేగం చెప్పే యాప్‌లున్నాయి. కచ్చితం అనలేను, కానీ వేగం ఎక్కుతోందా దిగుతోందా తెలుస్తుంది. ప్రతి షాట్‌కూ గేజీలో ఎంత ఉందో పక్కన రాసుకోండి. వేగం నిలకడగా ఉన్న చోటు, ఉదాహరణకు 180 బార్ల నుంచి 130 దాకా, దొరికితే అంతే నింపి అంతలోనే వాడండి. నిండుగా నింపడం గొప్ప కాదు.

ప్ర: కృష్ణా తీరాన మా చేలల్లో కృష్ణజింకలు, అడవి పందులు పంటను బతకనివ్వడం లేదు. యూట్యూబ్‌లో ఎఫ్‌ఎక్స్ ఇంపాక్ట్ తుపాకీతో వేటాడుతున్నారు. అది ఇక్కడ తెప్పించుకోవచ్చా? (మక్తల్)

జ: మీ బాధ నిజమైనదే, కానీ ఈ దారి మిమ్మల్ని జైలుకు తీసుకెళ్తుంది. కృష్ణజింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా శిక్ష. అడవి పందినైనా అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. మీరు చూసిన వీడియోలు అక్కడి చట్టాల కింద తీసినవి. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో పెద్ద బోరు ఎయిర్ రైఫిల్‌తో జింకల వేటకూ అనుమతి ఉంది. ఇంగ్లాండ్, వేల్స్‌లలో సుమారు 16 జౌల్స్ దాటితే లైసెన్సు కావాలి. జర్మనీలో ఆ గీత 7.5 దగ్గరే.

ఇంపాక్ట్ మంచి యంత్రమే, కాదనను. స్వీడన్‌ది. ఎం3 మోడల్‌లో రెండు రెగ్యులేటర్లు వరసగా ఉంటాయి, బ్యారెల్ మార్చి వేరే బోరుకు తిప్పుకోవచ్చు. మన దగ్గర 4.5 దాటిన బోరుకు, 20 జౌల్స్ దాటిన శక్తికి ఆయుధ లైసెన్సు ఉండాలి. పోనీ లైసెన్సు అక్కర్లేని దానితో పందిని కొడదామా అంటే, ఆ పెల్లెట్ తోలులో దిగి పుండవుతుందే తప్ప పంది వెంటనే చావదు. ఎక్కడో పొదల్లో పడి కుళ్లుతుంది. కోతుల మీద కొట్టినా అంతే. జంతు హింస కేసు అదనం.

పంట నష్టానికి అటవీశాఖకు దరఖాస్తు పెట్టండి, చేను చుట్టూ సోలార్ ఫెన్సింగ్ వేయించండి. అది విడతలుగా చిన్న షాక్ కొట్టి తరుముతుంది, చంపదు. లైను నుంచి నేరుగా కరెంటు తీగ లాగడం మాత్రం వద్దు, దానికి మనుషులే పోతున్నారు.

ప్ర: రైఫిల్‌కు స్కోప్ కొన్నాను. 10 మీటర్ల దగ్గర అంతా మసగ్గా ఉంది. అద్దం పాడైందా? (మహబూబ్‌నగర్)

జ: పాడవలేదు. మామూలు రైఫిల్ స్కోప్‌లను చాలావరకు 100 గజాల దూరానికి స్థిరంగా ఫోకస్ చేసి అమ్ముతారు. మీకు ముందు అద్దం దగ్గరో, పక్క గుండీతోనో 10 గజాల దాకా పారలాక్స్ (దూరాన్ని బట్టి ఫోకస్) సర్దుకునేది కావాలి. మీది స్ప్రింగ్ రైఫిలైతే ‘ఎయిర్‌గన్ రేటెడ్’ అని రాసి ఉన్నదే తీసుకోండి. స్ప్రింగ్ ముందుకూ వెనక్కూ రెండుసార్లు కుదుపుతుంది, మామూలు స్కోప్ లోపలి అద్దాలు దానికి కదిలిపోతాయి. మ్యాచ్‌ల్లో ఆడే ఉద్దేశం ఉంటే అసలు స్కోపే కొనకండి. అక్కడ పెద్దగా చూపించే అద్దాలకు అనుమతి లేదు, చిన్న రంధ్రంలోంచి గురి చూసే డయాప్టర్ సైటే వాడాలి.