వారానికి ఒక గంట, గంటకు ఒక చిక్కు

బడి, పిల్లలు: పాఠకుల ప్రశ్నలకు ఒక విశ్రాంత ఉపాధ్యాయిని జవాబులు

ప్రశ్న: ప్రాథమిక పాఠశాలలో పని చేస్తున్నాను. మూడు, నాలుగు, అయిదు తరగతుల్లో తోటివారికంటే బాగా ముందున్న పిల్లలు తొమ్మిది మంది ఉన్నారు. వాళ్లకోసం వారానికి ఒక గంట కేటాయించి నాకు అప్పగించారు. మొదటి రెండు వారాలు పై తరగతి లెక్కలు చెప్పాను. మూడో వారం ఆవలింతలు మొదలయ్యాయి. ఇప్పుడు ఇద్దరు రావడమే మానేశారు. వారం వారం ఏం చేయించాలి?
— ఒక ఉపాధ్యాయిని

జవాబు: ఆవలించినవాళ్లను ఏమీ అనకండి. పై తరగతి పుస్తకం ఎలాగూ వచ్చే ఏడాది వాళ్ల చేతికి వస్తుంది. అప్పుడు అదే పాఠం రెండోసారి వినాలి. ఈ ఏడాది విసుగు తప్పించబోయి వచ్చే ఏడాదికి విసుగు దాచిపెట్టినట్టవుతుంది. నేనూ మొదట్లో ఇదే పొరపాటు చేశాను. అది చాలదన్నట్టు ఆ గంటను శుక్రవారం చివరి పీరియడ్‌లో పెట్టించుకున్నాను. ఆ వేళకు పిల్లలతో పాటు వాళ్ల తెలివి కూడా సంచి సర్దుకుని కూర్చుంటుంది. మంగళవారం ఉదయానికి మార్చాక సగం సమస్య తీరింది. ముందు మీ గంట ఎప్పుడుందో చూసుకోండి.

మిగిలిన సగం సంగతి. ఈ పిల్లల్లో చాలామంది బడిలో ఏ లెక్క దగ్గరా ఆగిపోయి ఉండరు. ఆగిపోతే ఎలా ఉంటుందో తెలియకుండానే అయిదో తరగతి దాటేస్తారు. మీ గంటలో వాళ్లను ఆపండి. గంటకు ఒక చిక్కు చాలు. మొదలుపెట్టడానికి మూడో తరగతి లెక్కలు సరిపోవాలి, ముగించడానికి మాత్రం ఎవరికీ గంట చాలకూడదు. నేను వెతికేవన్నీ అలాంటివే.

నా మొదటి మంగళవారం ఎప్పుడూ 6174దే. నాలుగు అంకెల సంఖ్య ఏదైనా ఒకటి తీసుకోమనండి. నాలుగూ ఒకే అంకె కాకూడదు, అంతే నియమం. ఆ అంకెలతో ఏర్పడే అతి పెద్ద సంఖ్యలోంచి అతి చిన్న సంఖ్యను తీసివేయాలి. వచ్చినదానితో మళ్లీ అదే పని. 3524 అనుకుందాం. 5432లోంచి 2345 పోతే 3087. 8730లోంచి 0378 పోతే 8352. 8532లోంచి 2358 పోతే 6174. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా అక్కడి నుంచి కదలదు. ఎవరు ఏ సంఖ్యతో బయల్దేరినా ఏడు మెట్లు దాటకుండా అక్కడికే చేరతారు. 1949లో దీన్ని లోకానికి చెప్పిన డి. ఆర్. కాప్రేకర్ బడిలో పాఠాలు చెప్పుకునే ఉపాధ్యాయుడు. ఆ మాట పిల్లలకు తప్పకుండా చెబుతాను, కొంత స్వార్థంతోనే.

ఒకసారి మూడో తరగతి పాప ఒకతె 2111 పట్టుకొచ్చింది. "2111లోంచి 1112 పోతే 999. 999లోంచి 999 పోతే సున్నా. మీ 6174ను ఓడించాను" అంది. జవాబు నా నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. వెనకనుంచి ఒకడు "అది 999 కాదు, 0999" అన్నాడు. ముందున్న సున్నా అంకేనా, కాదా? ఆ గంటంతా ఆ తగువుకే పోయింది. చివరికి సున్నాను ఉంచి చేసి చూద్దామన్నారు. 9990లోంచి 0999 పోతే 8991, తర్వాత 8082, తర్వాత 8532, అయిదో మెట్టు మీద 6174. పాప ఒప్పుకుంది గానీ, మొహం గంటు పెట్టుకునే ఒప్పుకుంది. నా మంగళవారాల్లో ఇంత బాగా గడిచినవి తక్కువ. మూడు అంకెలతో ఏమవుతుందో మీరు ముందుగా ఇంట్లో చేసి చూసుకోండి. వాళ్లకు చెప్పకండి.

ఇంకో వారానికి: సరిసంఖ్య అయితే సగం చేయాలి, బేసిసంఖ్య అయితే మూడు రెట్లు చేసి ఒకటి కలపాలి. 12తో మొదలుపెడితే తొమ్మిది మెట్లలో 1కి వస్తుంది. 27తో మొదలుపెడితే 111 మెట్లు, మధ్యలో 9232 దాకా ఎక్కి దిగుతుంది. 27ను మీరు ఇవ్వకండి, ఎవరో ఒకరు దాని మీద కాలు వేసి వారమంతా ఎక్కుతారు. లోథర్ కొలాట్జ్ 1937లో ఆలోచించిన ఈ లెక్క, ఏ సంఖ్యతో మొదలైనా చివరికి 1కే చేరుతుందని ఇప్పటికీ ఎవరూ నిరూపించలేదు. ఆ సంగతి చెప్పగానే గది ఒక్కసారి నిశ్శబ్దమైపోతుంది. "పెద్దవాళ్లకు కూడా రాదా?" అని నన్ను మూడుసార్లు అడిగినవాడున్నాడు.

లెక్కలతోనే నింపకండి. దారానికి రబ్బరు కట్టి ఊపించండి. పట్టుకున్న చోటినుంచి రబ్బరు మధ్యదాకా 25 సెంటీమీటర్లు ఉంటే, ఇటూ అటూ వెళ్లి వచ్చే ఊపులు ఇరవై పూర్తి కావడానికి దాదాపు 20 సెకన్లు పడుతుంది. దారం 50 సెంటీమీటర్లు చేస్తే ఎంతవుతుందో ముందు కాగితం మీద రాసి సంతకం చేయమనండి. అందరూ 40 అని రాస్తారు. వచ్చేది 28. గడియారం తప్పంటారు, లెక్కపెట్టినవాడు తప్పంటారు, మళ్లీ చేస్తారు. 40 రావాలంటే దారం మీటరు పొడవుండాలని వాళ్లంతట వాళ్లు కనుక్కునేదాకా ఆ గదిలో మీకు పనిలేదు. సంతకం మాత్రం మరిచిపోకండి. సంతకం లేకపోతే "నేను ముందే అనుకున్నాను" అనేవాళ్లు తొమ్మిది మందీ ఉంటారు.

భాషకు నాకు నచ్చిన ఆట పూర్వకవుల నిరోష్ఠ్యం, అంటే పెదవులు కలవకుండా పలికే మాటలతో రాయడం. పిల్లలకు నియమం తేలిక చేసి ప, ఫ, బ, భ, మ రాకూడదంటే చాలు. అమ్మ గురించి ఆరు వాక్యాలు రాయమన్నాను. "అమ్మ" పోయింది, "మా" పోయింది, "ప్రేమ" కూడా పోయింది. పావుగంట పెన్సిళ్లు నమిలారు. చివరికి నాలుగో తరగతి పిల్లవాడు "నా తల్లి నన్ను తిట్టదు. తిట్టినా గట్టిగా తిట్టదు" అని రాశాడు. మామూలు వ్యాసం రాయమంటే వాడి దగ్గరనుంచి ఎప్పుడూ వచ్చేది "దేవతలాంటిది" అన్న మాటే.

పటాలకు రంగులు వేయించడం కూడా బాగుంటుంది. ఒకరు గీతలతో దేశాలు గీస్తారు, ఇంకొకరు పక్కపక్క దేశాలకు ఒకే రంగు పడకుండా రంగులు వేస్తారు. అయిదో రంగు అవసరమయ్యే పటం గీసినవాళ్లు గెలిచినట్టు. ఎవరూ గెలవరు. నాలుగు రంగులు చాలన్న అనుమానం 1852లో పుట్టింది, 1976లో గానీ కంప్యూటర్ సాయంతో రుజువు కాలేదు. ఈ కథ చివరన చెప్పండి, ముందే చెబితే ఆట చచ్చిపోతుంది.

ఒక మాట. గంట కొట్టాక "జవాబు ఇది" అని ముగించకండి. చిక్కును అలాగే పెద్ద కాగితం మీద రాసి గోడకు తగిలించండి, పక్కన ఒక పెన్సిలు వేలాడదీయండి. మీకు దొరికింది ఒక గంటే అయినా మిగిలిన ఆరు రోజులు ఆ గోడ పని చేస్తుంది. రావడం మానేసిన ఇద్దరినీ పిలవకండి. గోడ దగ్గర ఎప్పుడు ఆగుతారో చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి నాలుగో తరగతి. క్లాసులో అందరికంటే ముందు ముగించేవాడు. ముగించగానే అలాంటివే ఇంకో పది లెక్కలు ఇచ్చేవారు. ఈ మధ్య కావాలనే నెమ్మదిగా చేస్తున్నాడని తెలిసింది. సోమరి అవుతున్నాడేమో అని భయం.
— ఒక తండ్రి

జవాబు: మీ అబ్బాయి సోమరి కాడు, లెక్క తెలిసినవాడు. త్వరగా చేస్తే ఇరవై, నెమ్మదిగా చేస్తే పది. మీరయినా ఏది ఎంచుకుంటారు?

టీచరుతో తగాదాకు వెళ్లకండి. ముప్పై మందిని ఒకేసారి చూసుకునే మనిషికి చేతికి అందేది ఇంకో పది లెక్కలే. ఒక మాట అడిగి చూడండి: అభ్యాసంలో అన్నిటికంటే కష్టమైన అయిదు లెక్కలు ముందు చేయించి, అవి సరిగ్గా వస్తే మిగతావి వదిలేయవచ్చా అని. మిగిలిన సమయంలో తన చిక్కు ఏదో తను చూసుకుంటాడు. అయిదులో రెండు తప్పితే అందరితో పాటు మొత్తం చేయాలి, అందులో అవమానమేమీ లేదు. పక్కవాళ్లకు నేర్పే పని మాత్రం వాడికి రోజూ అంటగట్టవద్దని చెప్పండి. నేర్పాలంటే ఓర్పు కావాలి, తొమ్మిదేళ్లవాడి దగ్గర అది దండిగా ఉండదు.

ప్రశ్న: ఇలాంటి ప్రత్యేక గంటకు పిల్లలను మార్కులను బట్టి ఎంపిక చేస్తే సరిపోతుందా? పరీక్ష ఏదైనా పెట్టాలా?
— ఒక ప్రధానోపాధ్యాయురాలు

జవాబు: అమెరికాలో లూయిస్ టెర్మన్ 1921లో తెలివైన పిల్లలను పరీక్షలతో ఎంచి, దశాబ్దాల తరబడి వాళ్ల జీవితాలను గమనించే పని మొదలుపెట్టాడు. 1500 మందికి పైగా ఎంపికయ్యారు. ఆ పరీక్ష రాసి, మార్కులు చాలక బయటే ఉండిపోయిన పిల్లల్లో విలియం షాక్లీ, లూయిస్ అల్వారెజ్ ఉన్నారు. తర్వాత షాక్లీకి 1956లో, అల్వారెజ్‌కు 1968లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. జల్లెడ ఎంత మంచిదైనా అలా జారిపోయేవాళ్లుంటారు.

అందుకని తలుపు కొంచెం తెరిచే ఉంచండి. మార్కులను బట్టి కొందరిని తీసుకోండి. మిగతా క్లాసుల్లో కూడా ఒక చిక్కు గోడకు తగిలించి, వారం తర్వాత కూడా దాన్ని వదలనివాళ్లను తీసుకోండి. ఇలా వచ్చినవాళ్లలో నాకు లెక్కల్లో సగటు మార్కులు దాటనివాడు ఒకడు దొరికాడు. చేతిరాత దారుణం. పటాల ఆటలో రంగులు వేసే వాణ్ని ఓడించాలని మేమంతా రెండు నెలలు చూశాం, కుదరలేదు.

ప్రశ్న: నాకు తొమ్మిదేళ్లు. అందరూ నన్ను చాలా తెలివైనదానివి అంటారు. కానీ ఏదైనా లెక్క రాకపోతే నాకు ఏడుపు వస్తుంది. అంటే నాకు తెలివి లేనట్టేనా?
— ఒక అమ్మాయి

జవాబు: లేదమ్మా. నీకు ఇన్నాళ్లూ సులువైన లెక్కలు ఇచ్చారు, అంతే. రానిది ఎదురుపడటం నీకు కొత్త, అందుకే ఏడుపు.

ఈ పక్క పేరా మీ ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించు: క్లాడియా ముల్లర్, కరొల్ డ్వెక్ 1998లో అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాలు ప్రచురించారు. "నువ్వు తెలివైనవాడివి" అనిపించుకున్న పిల్లలు, ఒక కష్టమైన లెక్క దగ్గర ఓడిపోయాక, "బాగా కష్టపడ్డావు" అనిపించుకున్నవాళ్లకంటే తొందరగా వదిలేశారు, తర్వాతి లెక్కల్లో వెనకబడ్డారు. కాబట్టి మెచ్చుకునేటప్పుడు కొంచెం చూసి మెచ్చుకోండి.

ఇప్పుడు నీకో పని. మూడు అడ్డం, మూడు నిలువు, మొత్తం తొమ్మిది గళ్లు గీయి. 1 నుంచి 9 దాకా అంకెలు ఒక్కోటి ఒక్కసారే వేయాలి. అడ్డంగా, నిలువుగా, మూలకు మూలగా ఎటు కూడినా 15 రావాలి. అది కుదిరాక, మధ్య గడిలో ఇంకో అంకె వేస్తే ఎందుకు కుదరదో నాకు రాసి పంపు. ఏడుపు వస్తే ఎన్నో నిమిషంలో వచ్చిందో కూడా రాయి.