బయటి తిండి ఖర్చు: రాత్రి ఏడున్నర దగ్గర పట్టుకో

ప్రశ్న: అక్కా, మాది హనుమకొండ, నయీంనగర్. మా ఆయనకు కాజీపేటలో ప్రైవేటు ఉద్యోగం, నేను స్కూల్లో టీచర్‌ను. ఇద్దరివి కలిపి నెలకు రూ.52 వేలు వస్తయి. పోయిన నెల రాసి చూస్తే బయటి తిండికే రూ.8,400 అయినయి. మొత్తం 14 సార్లు. తేదీలు, టైములతో లెక్క పంపుతున్న. బంద్ పెడదామంటే పిల్లలు ఏడుస్తరు. ఆయనేమో "వారమంతా కష్టపడి ఆదివారం కూడా తినొద్దా" అంటరు. ఎట్లా తగ్గించాలె? అలసిపోయి వండలేకపోతే నాదే తప్పనిపిస్తది.

జవాబు: చెల్లె, నీ లెక్క కాగితం మూడుసార్లు చదివిన. మీ ఆయన చెప్పే ఆదివారంతో నాకు పేచీ లేదు. 14లో శని, ఆదివారాలవి 5. వాటికి రూ.3,900. మిగతా 9 మామూలు రోజులవి, అన్నీ ఫోన్‌లో తెప్పించినవే, అన్నీ రాత్రి ఏడున్నర, ఎనిమిది మధ్యనే. వాటికి రూ.4,500. ఆ తొమ్మిది రాత్రులు ఏం తిన్నరో నీకు గుర్తుందా? ఆదివారం నలుగురు కూసోని తిన్నది పిల్లలకు యాదికుంటది. అందుకే ముందు ఈ తొమ్మిదిని పట్టుకో, ఆదివారాన్ని ముట్టకు.

సుబేదారిలో కొలువు చేసిన రోజుల్లో నేను ఇల్లు చేరేసరికి ఏడు దాటేది. బియ్యం కడిగి పెట్టే ఓపిక ఉండేది కానీ, కూర ఏం చెయ్యాలెనో ఆలోచించే ఓపిక ఉండకపోయేది. మా అత్తమ్మ అది కనిపెట్టింది. పొద్దున నేను చాయ్ పెట్టేటప్పుడే బొబ్బర్లో శెనగలో నానబోసేది. సాయంత్రం ఉడకబెట్టి, ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయలతో పోపు వేస్తే గుడాలు. బడి నుంచి వచ్చి ఓ గిన్నెడు గుడాలు తిన్న పిల్లలు ఎనిమిది దాకా ఆకలి అనరు. పిల్లలు ఆకలి అనకపోతే నీ చెయ్యి ఫోన్ మీదికి పోదు.

తర్వాత అన్నంలోకి పచ్చిపులుసు. ఉడికించే పనే లేదు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, కొత్తిమీర వేసి, నువ్వుల పొడి కలిపి పోపు పెట్టు. నువ్వులు ఆదివారమే వేయించి పొడి కొట్టి సీసాలో పెట్టుకుంటే పది నిమిషాల పని. పక్కకు తలా ఒక గుడ్డు అట్టు.

పిల్లలు ఏడుస్తరన్నవు కదా, వారంలో ఒకరోజు సర్వపిండి చెయ్యి. బియ్యప్పిండిలో నానిన శెనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కరివేపాకు, కారం, ఉప్పు వేసి కలుపు. గిన్నెకు లోపల ఒత్తినంక వేలితో బొక్కలు పెట్టే పని పిల్లలకే ఇయ్యి. తాము బొక్కలు పెట్టిన సర్వపిండిని ఏ పిల్లలూ వద్దనరు, నేను చూసిన. నూనె పోసి మూతపెట్టి సన్న మంట మీద కాల్చాలె. వేడి గిన్నెకు పిండి ఒత్తితే చేతులు కాలుతయి, అందుకే రెండు గిన్నెలు పెట్టుకో. ఒకటి పొయ్యి మీదుంటే ఇంకోటి చల్లారుతది.

ఇంకో మాట గట్టిగనే చెప్తున్న. ఆయన నీకంటే ముందు ఇంటికొచ్చిన రోజు అన్నం ఆయన వండాలె. ఇద్దరు సంపాదించే ఇంట్ల రాత్రి వంట ఒక్కదాని మెడకు చుడితే ఫోన్‌లో తెప్పించుడు తగ్గదు. నీ ఉత్తరంల నన్ను బాధపెట్టింది డబ్బు కాదు, "అలసిపోయి వండలేకపోతే నాదే తప్పనిపిస్తది" అని చివర్ల రాసిన ముక్క. తప్పు నీది కాదు బిడ్డా.

ఇక ఆదివారం సంగతి. తెప్పించుకోకండి, పోయి తినండి. ఫోన్‌లో ఆర్డర్ పెట్టేముందు బిల్లు కింది భాగం చదువు: ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు, జీఎస్టీ. మా గల్లీ చివర హోటల్ల కౌంటర్ దగ్గర రూ.240 ఉన్న బిర్యానీ ఫోన్‌లో రూ.285 చూపించింది, ఇవన్నీ కలపకముందే. హోటల్ల కూసోని తింటే బిల్లుల "సర్వీస్ చార్జి" అని ఉందేమో చూడు. జీఎస్టీ కట్టాల్సిందే కానీ సర్వీస్ చార్జి కట్టి తీరాలని లేదు. 2022 జూలైలనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిల ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. తీసెయ్యమని నెమ్మదిగ అడుగు. తియ్యకపోతే 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యొచ్చు.

తొమ్మిదిని ఈ నెల నాలుగుకు తెస్తే రూ.2,500 మిగులుతయి. ఒక్కసారే సున్నా చేద్దామనుకోకు, రెండో వారానికే విసుగొస్తది. వచ్చే నెల లెక్క కూడా పంపు చెల్లె. ఈసారి తేదీ పక్కన, "తెప్పిద్దాం" అని ముందు ఎవరన్నరో కూడా రాయి.