పాకం పిల్లల చేతికి పట్టుబడాలంటే

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. కిందటి సంక్రాంతికి పిల్లలతో కలిసి అరిసెలు చేద్దామని బియ్యప్పిండి ప్యాకెట్ తెచ్చి మొదలుపెట్టాం. మొదటి విడత నూనెలో విడిపోయింది. పాకం ఇంకాస్త ముదరనిచ్చి చేసిన రెండో విడత కొరకలేనంత గట్టిగా వచ్చింది. పాపకు 12 ఏళ్లు, బాబుకు 8. ఈసారైనా వాళ్లకు సరిగ్గా నేర్పాలని ఉంది.
– ఒక తల్లి, డాలస్

జవాబు: ముందుగా ప్యాకెట్ పిండి మానేయండి. అరిసెకు తడిపిండే కావాలి. పొడిపిండి పాకాన్ని పీల్చేసుకుంటుంది, చలిమిడి బిరుసెక్కుతుంది, అంచులు పగులుతాయి. మీకు దొరికే సోనామసూరి చాలావరకు పాత బియ్యమే కాబట్టి 24 గంటలు నానబెట్టండి. మధ్యలో రెండుసార్లు నీళ్లు మార్చకపోతే పులిసిన వాసన వస్తుంది. నీళ్లు వంపేసి, బట్టమీద పావుగంట మాత్రమే ఆరనివ్వండి. గింజ చేతికి చల్లగా, చెమ్మగా తగలాలి. మిక్సీలో కొంచెం కొంచెంగా వేసి పట్టి, సన్నని జల్లెడతో జల్లించండి. జల్లించిన పిండిని గిన్నెలో అదిమి మూత పెట్టాలి, లేకపోతే పాకం అయ్యేలోగా పైపొర ఆరిపోతుంది. జల్లించడం, అదమడం బాబు పని.

నేర్చుకునే చేతులకు అరకిలో బియ్యం చాలు. దానికి 350 గ్రాముల బెల్లం, అరగ్లాసు నీళ్లు, రెండు చెంచాల నెయ్యి, నాలుగైదు ఏలకులు, 50 గ్రాముల నువ్వులు. బెల్లం కరగగానే ఒకసారి వడకట్టండి, ఇసుక ఉంటుంది.

ఇక పాకం. పొయ్యి పక్కన పళ్లెంలో చన్నీళ్లు పెట్టుకుని, కాసేపటికోసారి ఒక చుక్క అందులో వెయ్యండి. చుక్క నీళ్లలో కరిగిపోతే ఇంకా లేత. పోగవుతూనే వేళ్లకు జారిపోతుంటే దగ్గరపడుతోందని అర్థం, మంట తగ్గించండి. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండై, పైకెత్తినా విడిపోకుండా నిలిచిందా, అదే ఉండపాకం. వెంటనే పొయ్యి ఆర్పాలి. ఆ ఉండ పళ్లేనికి తగిలి టంగుమందంటే వేరుశనగ ఉండల పాకంలోకి వెళ్లిపోయినట్టే. మీ మొదటి విడత లేతపాకం, రెండోది ముదురుపాకం. ఆ రెంటికీ మధ్య వ్యవధి చాలా తక్కువ. అందుకే పిండి, నెయ్యి, ఏలకుల పొడి ముందే చేతికందేలా ఉండాలి.

నీళ్లలో పడిన చుక్క చల్లారిపోతుంది కాబట్టి దాన్ని పట్టి చూసే పని పాపకు ఇవ్వండి. గరిట మాత్రం మీ చేతిలోనే ఉండాలి, పాకం అంటుకుంటే నూనెకన్నా ఎక్కువ కాలుతుంది. లేత, ఉండ, ముదురు – మూడు దశల చుక్కలనూ తన వేళ్లతోనే చూడనివ్వండి. అరిసెలు ఒత్తడం ఒక్కటీ నేర్పి పాకం నేర్పకపోతే సగం వంటే ఇచ్చినట్టు.

పొయ్యి ఆర్పాక నువ్వులు, నెయ్యి, ఏలకుల పొడి వేసి, పిండి పోస్తూ ఉండ కట్టకుండా కలపండి. పిండి మొత్తం ఒకేసారి పోసేయకుండా గుప్పెడు దాచుకోండి, చలిమిడి జారుగా అనిపిస్తే పనికొస్తుంది. ముందు గోళీకాయంత నూనెలో వేసి చూడండి. విడిపోతే మిగతా చలిమిడికి కాస్త గోధుమపిండి మర్దించి మళ్లీ పరీక్షించండి. మధ్యస్థమైన మంటమీద వేయించి, తీయగానే అరిసెల చెక్కల మధ్య నొక్కి నూనె పిండాలి. చెక్కలు లేకపోతే రెండు చిల్లుల గరిటెలు చాలు. చల్లారాక నొక్కితే నూనె రాదు, అరిసె విరుగుతుంది.

ప్రశ్న: మాది కరీంనగర్. ఇప్పుడు పుణెలో ఉంటున్నాం. మా అమ్మాయి సకినాలు చుట్టడం నేర్చుకుంటోంది గానీ పిండి మధ్యలోనే తెగిపోతోంది.
– ఒక పాఠకురాలు, పుణె

జవాబు: తెగుతోందంటే పిండి బరకగానైనా ఉండాలి, గట్టిగానైనా ఉండాలి. తడిపిండిని మరోసారి సన్నగా జల్లించండి. కిలోకు 200 గ్రాముల నువ్వులు, రెండు చెంచాల వాము, ఉప్పు వేసి, మామూలు నీళ్లతో చపాతీ పిండికన్నా మెత్తగా కలపాలి. వేడినీళ్లు వద్దు. పిండి ఆరకుండా తడిబట్ట కప్పి, వేళ్లు తడుపుకుంటూ చుట్టాలి. మీ అమ్మాయి మొదట రెండు చుట్లతోనే ఆపాలి. వేళ్లు తిరగడం అలవాటయ్యాక మూడు, నాలుగు చుట్లకు పోవచ్చు. నూలు బట్టమీద అరగంట ఆరనిస్తే చెమ్మ బట్టలోకి పోతుంది, అప్పుడు ఎత్తినా విరగవు. మరీ ఆరితే పగుళ్లు వస్తాయి. చాలా ఇళ్లలో మొదట గౌరమ్మను చేసి పెట్టాకే చుట్టడం మొదలుపెడతారు. మీ ఇంట్లో ఆ ఆనవాయితీ ఉంటే ఆ పని అమ్మాయి చేతే చేయించండి.

ప్రశ్న: మా అత్తగారిని ఆవకాయ కొలత అడిగితే ‘కంటికి తెలుస్తుందమ్మా’ అంటారు. పిల్లల కోసం రాసిపెట్టుకోవడం ఎలా?
– ఒక కోడలు, రాజమండ్రి

జవాబు: అడగడం మానేసి తూచండి. కారం, ఆవపిండి, ఉప్పు, నూనె వేరువేరు గిన్నెల్లో పోసి ఆవిడ ముందు పెట్టండి. కలిపే ముందు ఒకసారి, కలిపాక ఒకసారి తూస్తే తేడాయే ఆవిడ కొలత. ఆవిడ చేతికి అలవాటైన సోల ఉంటే అదే ఇవ్వండి, కానీ సోలెడు ఉప్పు బరువు, సోలెడు కారం బరువు ఒకటి కావు. దేనికదే గ్రాముల్లో రాసుకోండి. సోల అంచుకు సమంగా కొలిచారా, గోపురంగా కొలిచారా అన్నదీ రాయాలి. కల్లుప్పు దంచి వేశారా, ప్యాకెట్ ఉప్పా, కాయ ఏ రకం, ముక్కలు తుడిచాక ఎంత తూగాయి అన్నవీ ముఖ్యమే. ముక్కలు పొడిబట్టతో తుడిచే పని పిల్లలకు అప్పగించి, ఒక్క తడిముక్క ఉన్నా బూజు పడుతుందని ముందే చెప్పండి.

మూడోరోజు తిరగకలిపినప్పుడు అత్తగారు రుచి చూసి ఉప్పో నూనో మళ్లీ వేస్తారు. రాసుకునేవాళ్లు ఎక్కువగా వదిలేసేది దీన్నే. ఆ రోజు కూడా తూకం దగ్గరే పెట్టుకుని, వేసినదాన్ని మొదటి కొలతకు కలపండి.